క్లాసులు తగ్గించమని అడిగితే ఉద్యోగానికే ఎసరా?

ప్రశ్న: మాది హుజూరాబాద్. మా అమ్మాయి బోటనీలో పీహెచ్‌డీ చేసి, మన వైపే ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆరేళ్లుగా పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా చేస్తోంది. క్లాసుకు ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. వేసవిలో ఏమీ రాదు. ఖాళీలు భర్తీ కాకపోవడంతో థియరీ, ప్రాక్టికల్స్ కలిపి వారానికి 22 గంటలు చెబుతోంది. ఇప్పుడు తోటివాళ్లతో కలిసి వర్క్‌లోడ్‌ను 16 గంటలకు తగ్గించాలని, సౌకర్యాలు పెంచాలని వినతిపత్రం ఇస్తామంటోంది. ఒప్పుకోకపోతే వాల్యుయేషన్ బహిష్కరిద్దామని కూడా కొందరు అంటున్నారట. పేరు బయటపడితే వచ్చే ఏడాది తీసుకోరేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. వద్దని నచ్చజెప్పమంటారా? అక్కడ పెద్ద పోస్టులో ఉన్న ఒకాయన నాకు పరిచయం. ఆయనతో ఒక మాట చెప్పిద్దామా?

జవాబు: వద్దని చెప్పకండి. అయితే ఆ వినతిపత్రం మీద సంతకం పెట్టేముందు ఒకసారి మీ ముందు కూర్చుని చదవమనండి. అందులో ‘వర్క్‌లోడ్ 16 గంటలకు తగ్గించాలి’ అని మాత్రమే ఉంటే, అది రెగ్యులర్ అధ్యాపకులకు పనికొచ్చే డిమాండ్. మీ అమ్మాయికి నష్టం చేసే డిమాండ్. క్లాసు లెక్కన డబ్బులు తీసుకునేవాళ్లకు వారానికి ఆరు గంటలు తగ్గాయంటే నెలకు ఇరవై నాలుగు క్లాసుల డబ్బు పోయినట్టే. అధికారులు ఆ డిమాండ్‌ను సంతోషంగా ఒప్పుకుని, ఆ ఆరు గంటలకు ఇంకొక పార్ట్‌టైమర్‌ను తెచ్చుకుంటారు. అప్పుడు ‘గెలిచాం’ అని ఇంటికొచ్చిన అమ్మాయి చేతికి అంతకు ముందుకన్నా తక్కువ డబ్బు వస్తుంది.

కాబట్టి గంటలు తగ్గించాలన్న మాటకు ముందు ఇంకో మాట ఉండాలి: క్లాసు లెక్క తీసేసి నెల జీతం ఇవ్వాలి, పన్నెండు నెలలూ ఇవ్వాలి. ఆ తర్వాతే 16 గంటల సంగతి.

ఈ 16 ఎక్కడిదంటే, దేశంలోని విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2018 జూలైలో ఇచ్చిన నిబంధనల్లోది. పూర్తికాలం పనిచేసే అధ్యాపకుడికి వారానికి 40 గంటల పని, అందులో నేరుగా పాఠం చెప్పే సమయం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కు, ప్రొఫెసర్‌కు 14 గంటలు. మిగతా సమయం ప్రిపరేషన్‌కు, పరిశోధనకు, విద్యార్థులతో మాట్లాడటానికి. ‘మీరు పార్ట్‌టైమ్ కదా, ఆ రూల్ మీకెందుకు వర్తిస్తుంది’ అని రిజిస్ట్రార్ ఆఫీసులో తప్పకుండా అంటారు. దానికి జవాబు మీ అమ్మాయి టైమ్‌టేబుల్‌లోనే ఉంది. పూర్తికాలం ఉద్యోగి చెప్పాల్సిన 16 గంటలకన్నా ఆరు గంటలు ఎక్కువ చెబుతున్న మనిషి పార్ట్‌టైమ్ ఎలా అవుతుంది? విభాగాధిపతి (హెచ్‌ఓడీ) సంతకంతో ఉన్న టైమ్‌టేబుల్ కాపీలు సెమిస్టర్‌వారీగా తీసి ఫైల్ చేసుకోమనండి. ఎంత ఆవేశమైన ప్రసంగమైనా ఆ కాయితాలు చేసే పని చేయదు.

అవే నిబంధనల్లో చాలామంది చదవని రెండు సంగతులున్నాయి. ఒకటి, కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో 10 శాతం దాటకూడదు, వాళ్లకిచ్చేది రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల మొత్తం జీతానికి తగ్గకూడదు అని రాసి ఉంది. మన రాష్ట్రంలో అమలవుతున్నది దీనికి ఎంత దూరమో నేను చెప్పనక్కర్లేదు. జీతభత్యాల సంగతి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుని డబ్బులిస్తేనే కదులుతుంది కూడా. ఆ 10 శాతం పరిమితిని ఎత్తేసే ప్రతిపాదన 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదాలో కనిపించింది. అందుకే 2018 నిబంధన నంబరుతో సహా వినతిపత్రంలో రాయించండి.

రెండోది మీ అమ్మాయి కెరీర్‌కు ఇంకా ముఖ్యం. తాత్కాలిక సర్వీసును తర్వాత నియామకానికో ప్రమోషన్‌కో లెక్కలోకి తీసుకోవాలంటే షరతులున్నాయి. అర్హతలు రెగ్యులర్ వాళ్లతో సమానంగా ఉండాలి, సరైన సెలక్షన్ కమిటీ ద్వారా తీసుకుని ఉండాలి, జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తగ్గకుండా ఉండాలి. ఆఖరి షరతు మళ్లీ చదవండి. క్లాసు లెక్కన డబ్బు తీసుకుని చేసిన ఆరేళ్లు రేపు అసలు సర్వీసే కాదనే ప్రమాదం ఉంది. అంటే నెల జీతం అడగటం ఈ రోజు ఇంటి ఖర్చుల కోసమే కాదు. ఇలాంటి సంగతి వీధి పోరాటంలా కనిపిస్తుంది కానీ, నా దృష్టిలో ఇది అచ్చంగా కెరీర్ విషయమే.

ఇంకో లెక్క కూడా చూడండి. యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు షార్ట్‌లిస్ట్ చేయడానికి యూజీసీ ఇచ్చిన 2018 పట్టికలో బోధన అనుభవానికి ఏడాదికి 2 మార్కులు, ఎంత చేసినా 10 దాటవు. పరిశోధన పత్రానికి 2 మార్కులు, వాటికీ 10 వరకే. పీహెచ్‌డీకి 30. జాతీయ అర్హత పరీక్ష నెట్‌కు 5, పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌తో కలిపితే 7, రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష సెట్‌కు 3. నోటిఫికేషన్‌ను బట్టి ఈ లెక్కలు మారొచ్చు. కానీ ఒక సంగతి మారదు. వారానికి 16 గంటలు చెప్పినా 22 గంటలు చెప్పినా అనుభవం మార్కులు అవే. అయిదేళ్లు దాటాక ఎన్ని క్లాసులు చెప్పినా ఒక్క మార్కు పెరగదు. పెరగాల్సింది పత్రాల దగ్గర. ల్యాబ్‌లో అటెండర్ లేక స్లైడ్లు కూడా తానే కడుక్కునే మనిషి సాయంత్రం ఇంటికొచ్చి పత్రం ఏం రాస్తుంది? వర్క్‌లోడ్ తగ్గించమనే డిమాండ్‌లో ల్యాబ్ అటెండర్ పోస్టును కూడా చేర్చమనండి. అది నెరవేరడం కాస్త సులువు, ఉపశమనం మాత్రం వెంటనే తెలుస్తుంది.

ఇక మీ భయం. అది ఉత్త భయం కాదు, అందుకే దాన్ని తీసిపారేయను. 1988లో సుందరంబాళ్ కేసులో ఉపాధ్యాయులు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద ‘వర్క్‌మన్’ కారని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కార్మికులు వెళ్లినట్టు లేబర్ కోర్టుకు వెళ్లే దారి లేదు. 2006లో ఉమాదేవి కేసు తీర్పు వచ్చాక, ఇన్నేళ్లు చేశాం కాబట్టి పర్మనెంట్ చేయాల్సిందే అనడం కూడా కుదరదు. ఏటేటా రెన్యువల్ అయ్యే చోట, ఫలానా వినతిపత్రంలో సంతకం పెట్టారు కాబట్టి తీసేస్తున్నాం అని ఎవరూ రాసివ్వరు. ‘వర్క్‌లోడ్ లేదు’ అంటారు, అంతే. మరోవైపు 2016 అక్టోబరులో జగ్‌జీత్ సింగ్ కేసులో, సమాన పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు కనీస పే స్కేలు ఇవ్వాలని అదే కోర్టు చెప్పింది. 2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో కూడా వాళ్ల పక్షానే తీర్పు వచ్చింది. పర్మనెంట్ చేయమనే కన్నా సమాన జీతం ఇవ్వమనే వాదనకు కోర్టులో బలం ఎక్కువ. వినతిపత్రాన్ని కూడా ఆ వైపే నడిపిస్తే మంచిది.

ఒంటరిగా సంతకం పెట్టవద్దు. మొదటి పేరు ఆమెది ఉండనక్కర్లేదు. అన్ని డిపార్ట్‌మెంట్ల వాళ్లూ పెట్టాలి, ముఖ్యంగా రెగ్యులర్ ప్రొఫెసర్లలో కొందరైనా పెట్టాలి. వాళ్లకు పోయేది తక్కువ, వాళ్ల మాటకు విలువ ఎక్కువ. ఇక్కడ కాస్త మొహమాటం వదిలి అడగాలి. ‘మా పూర్తి మద్దతు ఉంటుందమ్మా’ అని స్టాఫ్‌రూమ్‌లో అని, సంతకం వేళకు లీవు పెట్టే పెద్దలు ప్రతిచోటా ఉంటారు.

వాల్యుయేషన్ బహిష్కరణ విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: పార్ట్‌టైమర్లు ఆ దారి పట్టవద్దు. 2016 మే నెలలో యూజీసీ అసిస్టెంట్ ప్రొఫెసర్ల బోధన గంటలను 16 నుంచి 18కి పెంచి, దాని మీద ట్యుటోరియల్స్‌కు ఇంకో 6 గంటలు చేర్చినప్పుడు ఢిల్లీ యూనివర్సిటీ అధ్యాపకులు పేపర్లు దిద్దడం ఆపేశారు. కొద్ది వారాల్లోనే కేంద్రం వెనక్కి తగ్గి పాత గంటలకే ఒప్పుకుంది. ఈ కథ చెప్పి మీ అమ్మాయి స్నేహితులు ఉత్సాహపడుతుంటారు. అక్కడ ముందు నిలిచింది ఏళ్ల తరబడి పాతుకున్న సంఘం, వెనకాల వేలమంది పర్మనెంట్ అధ్యాపకులు. మనవాళ్లకు ఆ రెండూ లేవు. పైగా ఇక్కడ ఫలితాలు ఆగితే నష్టపోయేది పీజీ సీటు కోసమో, ఉద్యోగంలో చేరడానికో మెమో కోసం ఎదురుచూసే భూపాలపల్లి, మంచిర్యాల పిల్లలు. వాళ్లే రేపు మీ అమ్మాయి వైపు నిలబడాల్సినవాళ్లు. 2022 జూన్‌లో బాసర ట్రిపుల్‌ఐటీ పిల్లలు వానలో రోజుల తరబడి కూర్చున్నప్పుడు పూర్తికాలం వీసీతో పాటు చాలినంతమంది అధ్యాపకులు కావాలని కూడా అడిగారు. మంత్రే క్యాంపస్‌కు వచ్చి మాట్లాడాల్సి వచ్చింది. మా పాఠం చెప్పే మేడమ్‌కు ఊపిరాడటం లేదు అని పిల్లలు అంటే వచ్చే బరువు, అదే మాట మేడమ్ అంటే రాదు.

బహిష్కరణ బదులు చేయగలిగినది ఉంది. సమాచార హక్కు చట్టం కింద ఏ డిపార్ట్‌మెంట్‌లో మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, పార్ట్‌టైమర్లు ఎన్ని గంటలు చెబుతున్నారు అని అడగవచ్చు. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. దరఖాస్తు మీ అమ్మాయి పేరు మీదే వెళ్లాలని లేదు. ఏ పౌరుడైనా అడగవచ్చు, మీరే అడగవచ్చు. అంకెలు చేతికొచ్చాక వినతిపత్రం ఇస్తే, ఇన్‌వర్డ్ సెక్షన్‌లో నంబరు, తేదీ వేయించుకుని ఒక కాపీ తెచ్చుకోవాలి. వీసీ చేతిలో పెట్టి ఫొటో దిగి వచ్చేస్తే అది పేపర్లో వార్తగా మిగులుతుంది, ఫైలుగా మారదు. ఆ తర్వాత హనుమకొండ ఏకశిలా పార్కు దగ్గర సెలవు రోజున ఒక పూట కూర్చుంటామంటే కూర్చోనివ్వండి. మన ఓరుగల్లు వాళ్లకు ధర్నా కొత్తా?

ఈలోగా ఆమె సొంత పని ఆగకూడదు. ఏటా అపాయింట్‌మెంట్ ఆర్డరు, రెమ్యునరేషన్ బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, హెచ్‌ఓడీ ఇచ్చే అనుభవ ధ్రువపత్రం ఒకచోట ఉండాలి. వినతిపత్రం ఇవ్వకముందే ఈ ఏడాది సర్టిఫికెట్ తీసేసుకుంటే మంచిది, తర్వాత సంతకాలకు తిప్పుతారు. నెట్ లేకపోతే రాయమనండి. సెట్ ఇక్కడి వరకే పనికొస్తుంది, నెట్ దేశమంతా చెల్లుతుంది. పీహెచ్‌డీ ఉంది కదా అని ఊరుకుంటే ఆ 5 మార్కులు ఊరికే పోతాయి. డిగ్రీ కాలేజీ, జూనియర్ కాలేజీ, గురుకులాల నోటిఫికేషన్లు పడితే యూనివర్సిటీ కాదు కదా అని చిన్నచూపు చూడకుండా దరఖాస్తు చేయించండి. ఇంకొక ఉద్యోగం వచ్చే దారి తెరిచి ఉందని తెలిసిన మనిషి ఆ వినతిపత్రంలో సంతకం కూడా వణక్కుండా పెడుతుంది.

మీకు పరిచయమున్న ఆ పెద్దాయనతో చెప్పించవద్దండి. ఒకసారి మాట సాయం తీసుకుంటే, వాళ్ల నాన్న వచ్చి బతిమాలాడు అనే సంగతి అదే రోజు డిపార్ట్‌మెంట్ మొత్తానికి తెలుస్తుంది. తోటివాళ్లు ఆమెను నమ్మడం మానేస్తారు, అధికారులకు ఆమెను ఎలా లొంగదీసుకోవచ్చో తెలిసిపోతుంది. ఆయన దగ్గరికే వెళ్లాలనిపిస్తే, మీ అమ్మాయి పేరు ఎత్తకుండా బోటనీలో ల్యాబ్ అటెండర్ పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో కనుక్కుని రండి.