రెండో డౌన్, ఒక్క గజం: కొత్త రచయిత్రికి లేఖ

చెల్లెమ్మా,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 2025 జనవరి 10న ఆర్లింగ్టన్‌లో టెక్సస్, ఓహైయో స్టేట్ జట్ల మధ్య జరిగిన కాటన్ బౌల్ (అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ సెమీఫైనల్) గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించినందుకే చాలా సంతోషం. డాలస్ పక్కన ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో మనవాళ్ల పిల్లలు టెక్సస్ జట్టు చొక్కాలేసుకుని శనివారాలు టీవీ ముందు గొంతు చించుకుంటున్నారు. వాళ్లెందుకు అరుస్తున్నారో ఇంట్లో అమ్మానాన్నలకు అర్థమయ్యేలా చెప్పే రాత కావాలి. అది నువ్వు రాయగలవు. అందుకే కాస్త గట్టిగా దిద్దుతున్నాను, ఏమనుకోకు.

నాలుగో పేరాలో టెక్సస్ కోచ్ గురించి "సార్కిసియన్ ఒక్క చెత్త ప్లేతో టెక్సస్ కొంప ముంచాడు" అని రాశావు. ఆ రాత్రి స్టేడియం నుంచి ఇంటికెళ్తూ కార్లలో వేలమంది అన్న మాట అది. అనే హక్కు వాళ్లకుంది. అభిమాని బాధ దాదాపు ఎప్పుడూ నిజమే, కానీ అతను వేలు పెట్టి చూపించే చోటే చాలాసార్లు తప్పవుతుంది. అసలు చోటు వెతకడానికే మనం కలం పట్టుకున్నాం. వాళ్ల మాటే మళ్లీ రాస్తే వాళ్లకు కొత్తగా ఏమిచ్చినట్టు?

ఆ నాలుగు డౌన్లను వరసగా పెట్టి చూద్దాం (డౌన్ అంటే జట్టుకు దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒకటి, అందులో ఆడే ఎత్తుగడ ప్లే). ఓహైయో స్టేట్ 21, టెక్సస్ 14. ఆట చివరి నిమిషాలు. ఎండ్ జోన్‌లో (గోల్ గీత అవతలి చోటు) పడ్డ పెనాల్టీల వల్ల టెక్సస్‌కు ఒక గజం గీత మీద బంతి దొరికింది. మొదటి డౌన్‌లో మధ్యలోంచి రన్ ఆడితే ఏమీ రాలేదు. రెండో డౌన్‌లో టాస్ ఆడారు. అంటే బంతిని రన్నింగ్ బ్యాక్‌కు (బంతి పట్టుకుని పరుగెత్తేవాడికి) పక్కకు విసిరి, అంచు మీదుగా పరుగు తీయించారు. ఏడు గజాలు పోయాయి. మూడో డౌన్‌లో పాస్ అందలేదు. నాలుగో డౌన్‌లో, ఎనిమిదో గజం నుంచి ఆడుతుండగా, టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ (ఆట నడిపి పాస్ విసిరేవాడు) క్విన్ యూయర్స్ చేతిలోని బంతిని ఓహైయో స్టేట్ డిఫెండర్ జాక్ సాయర్ ఊడగొట్టి, తనే అందుకుని, 83 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 28-14.

ఇప్పుడు నువ్వు రాయాల్సిన మొదటి ప్రశ్న, టాస్ ఎందుకు ఆడారని. గోల్ గీత దగ్గర డిఫెన్స్ కాపాడుకోవాల్సిన లోతు ఏమీ ఉండదు. వెనక్కి ఉండాల్సిన సేఫ్టీలు కూడా ముందుకొచ్చి మధ్యను గోడలా మూసేస్తారు. అప్పుడే మధ్యలో ఒకసారి కొట్టి చూశారు, గోడ కదల్లేదు. ఖాళీ ఉన్నది అంచునే. ఆ మేరకు ఆలోచన తెలివితక్కువది కాదు. కానీ టాస్‌లో రన్నింగ్ బ్యాక్ బంతి అందుకునేది గీతకు చాలా గజాల వెనుక. అక్కడినుంచి పక్కకు పరుగెడుతూ మలుపు తిరగాలి. అంచున ఒక్క బ్లాక్ (ఎదుటివాణ్ని అడ్డుకోవడం) తప్పినా, ముందుకు ఊపు లేని మనిషిని అక్కడికక్కడే పడేస్తారు. మధ్యలో రన్ విఫలమైతే సున్నా, టాస్ విఫలమైతే ఏడు. ఒక గజం కావాల్సిన జట్టుకు ఎనిమిది గజాలు కావాల్సి వచ్చాక ప్లే పుస్తకంలో సగం పేజీలు చిరిగిపోయినట్టే. ఇక రన్ ఆడరని ఎదుటివాడికి తెలుసు, నేరుగా క్వార్టర్‌బ్యాక్ మీదికే వస్తాడు. సాయర్ దాడికి దారి రెండో డౌన్‌లోనే పడింది. ఆ ప్లే మీద న్యాయమైన విమర్శ ఇదీ: విఫలమైతే దాని ఖరీదు మరీ ఎక్కువ. "చెత్త ప్లే" అన్న రెండు మాటల్లో ఇదంతా పట్టదు.

కబడ్డీ తెలిసిన మన పాఠకుడికి డూ ఆర్ డై రెయిడ్ గుర్తు చేస్తే నాలుగో డౌన్ వెంటనే ఎక్కుతుంది. ఆ పోలిక ఒక్కసారి వాడి వదిలెయ్. ప్రతి పేరాలో కబడ్డీనో క్రికెట్టో తెస్తే అసలు ఆట కనబడకుండా పోతుంది.

ఒక ప్లే వెనుక మూడు గడియారాలు నడుస్తుంటాయి. ఒకటి మైదానంలో కనబడే 40 సెకన్ల ప్లే క్లాక్, తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఉన్న గడువు. రెండోది ఆ వారం ప్రాక్టీసుది. మూడోది రిక్రూటింగ్‌ది, అంటే హైస్కూల్ కుర్రాళ్లను జట్టులోకి తెచ్చుకోవడానిది, రెండు మూడేళ్లు పడుతుంది. అభిమానుల వాదన అంతా 40 సెకన్ల మీదే పడుతుంది, ఎందుకంటే టీవీలో కనబడేది అదే. నువ్వు రాసేముందు తప్పు ఏ గడియారంలో జరిగిందో తేల్చుకోవాలి.

2024 నవంబరు 30న మిషిగన్ చేతిలో సొంత గడ్డ మీద ఓహైయో స్టేట్ 13-10తో ఓడిన ఆట తీసుకో. పాస్ అందుకోవడానికి జెరమయా స్మిత్ లాంటి రిసీవర్‌ను పెట్టుకుని, మేసన్ గ్రాహమ్, కెన్నెత్ గ్రాంట్ నిలబడ్డ మిషిగన్ లైన్ మధ్యలోకే మళ్లీ మళ్లీ ఎందుకు తల పెట్టారని కోచ్ ర్యాన్ డే మీద, ప్లేలు పిలిచిన చిప్ కెల్లీ మీద మండిపడ్డారు. 26 రన్స్‌కు 77 గజాలు. కోపం న్యాయమైనదే. కానీ ఆ ఆటకు, క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి ఎదుటివాళ్లను తోసే ఆఫెన్సివ్ లైన్‌లో, లెఫ్ట్ ట్యాకిల్ జాష్ సిమన్స్ లేడు, సెంటర్ సెత్ మెక్‌లాక్లిన్ లేడు, ఇద్దరూ గాయపడి సీజన్‌కే దూరమయ్యారు. గార్డ్ డోనవన్ జాక్సన్‌ను ట్యాకిల్‌కు జరిపారు. ఒకడు పోతే రెండు చోట్లు మారతాయి, పక్కవాడితో కలిసి తోసే లెక్క కూడా మారుతుంది. అంతేకాదు, 34, 38 గజాల ఫీల్డ్ గోల్స్ రెండు తప్పాయి. మూడు పాయింట్లతో ఓడిన ఆటలో ఆరు పాయింట్లు అక్కడ పోయాయి. ఈ లెక్క చెబితే కోచ్‌ను వెనకేసుకొస్తున్నావని కొందరంటారు, అననీ. సిమన్స్, మెక్‌లాక్లిన్ లేని లైన్‌తోనే, అదే కోచ్‌లతో, ఆ జట్టు తర్వాత టెనెసీని, ఓరెగన్‌ను, టెక్సస్‌ను ఓడించి, జనవరి 20న అట్లాంటాలో నోటర్ డేమ్‌ను 34-23తో గెలిచి చాంపియన్ అయింది. నవంబరులో "వీణ్ని తీసేయండి" అని రాసినవాళ్ల వాక్యాలు ఇంకా అలాగే ఉన్నాయి.

ఇక ఆట చూసే పద్ధతి. ఒక నోటుబుక్కులో గళ్లు గీసుకో: డౌన్, కావాల్సిన గజాలు, బంతి ఎక్కడ, ఏ హ్యాష్ (మైదానం పొడవునా ఉండే రెండు గుర్తుల వరసల్లో ఒకటి) మీద, మైదానంలో ఎవరెవరు, లైన్‌లో నిలబడేసరికి ప్లే క్లాక్ ఎంత, ఏమైంది. ఒక జట్టుకు ఆటకు అరవై డెబ్భై ప్లేలుంటాయి, చెయ్యి నొప్పి పుట్టదు. హ్యాష్ గడి మాత్రం వదలకు. కాలేజీ మైదానం వెడల్పు 160 అడుగులు, హ్యాష్‌ల మధ్య దూరం 40. అంటే బంతి ఒక హ్యాష్ మీదుంటే ఒకవైపు 60 అడుగులు, మరోవైపు 100 అడుగులు ఉంటాయి. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో హ్యాష్‌ల మధ్య 18.5 అడుగులే కాబట్టి అక్కడ ఈ తేడా అంతగా తెలియదు. టాస్‌ను వెడల్పు వైపు ఆడారా, ఇరుకు వైపు ఆడారా అన్నది నీ వ్యాసంలో లేదు. అది లేకుండా ఆ ప్లే మీద తీర్పు చెప్పకూడదు.

ప్లే క్లాక్ గడి ఎందుకంటే, 2024 నుంచి పెద్ద కాలేజీ జట్లలో కోచ్ మాట క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో వినబడుతోంది. క్లాక్ 15కి రాగానే ఆ మాట తెగిపోతుంది. 20 దగ్గర లైన్‌లో నిలబడిన జట్టుకు కోచ్ ఎదుటి అమరిక చూసి ఇంకో మాట చెప్పగలడు. 10 దగ్గర నిలబడితే ఆ కుర్రాడు ఒంటరివాడే, ప్లే మార్చాలన్నా తనే మార్చాలి.

బంతి కదిలాక కళ్లు బంతి వెంట పోనివ్వకు. మొదటిసారి గార్డును చూడు. అతను ముందుకు తోస్తే రన్ కావచ్చు, వెనక్కి కూర్చున్నట్టు జరిగితే పాస్. రీప్లేలో బంతిని చూడొచ్చులే. ఇక్కడ ఒక పెద్ద బురద గుంట ఉంది, ఆర్‌పీఓ, అంటే రన్-పాస్ ఆప్షన్. లైన్ రన్‌కు తోస్తుంటుంది, పక్కన రిసీవర్ పాస్‌కు పరుగెడుతుంటాడు, క్వార్టర్‌బ్యాక్ ఒక లైన్‌బ్యాకర్‌ను చూసి ఇవ్వాలో విసరాలో అప్పటికప్పుడు తేల్చుకుంటాడు. పాస్ వెళ్లేలోపు లైన్‌మెన్ మూడు గజాలదాకా ముందుకు పోవచ్చని కాలేజీ నిబంధన. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. అందుకే ఈ ఆట కాలేజీలో ఇంతగా పండింది. "మూడో డౌన్‌లో రన్ ఎందుకు పిలిచాడు" అని కోచ్‌ను తిట్టే చాలా సందర్భాల్లో కోచ్ పిలిచింది రెండూ, ఎంచుకున్నది క్వార్టర్‌బ్యాక్. రిసీవర్ కాళ్లు చూస్తే తెలిసిపోతుంది: ఊరికే బ్లాక్ చేస్తున్నాడా, బంతి వస్తుందని తిరుగుతున్నాడా అని.

టీవీ కోణంలో సేఫ్టీలు కనబడరు. కాబట్టి "ఎవరూ ఖాళీగా లేరు" అని నువ్వు రాయలేవు. "క్వార్టర్‌బ్యాక్ విసరలేదు" అనే రాయగలవు.

అంకెల్లో ఒక ఉచ్చు తప్పక గుర్తుంచుకో. క్వార్టర్‌బ్యాక్ శాక్ అయి (పాస్ విసరకముందే గీత వెనుక దొరికిపోయి) పోగొట్టిన గజాలను కాలేజీ లెక్కల్లో రన్ గజాల్లోంచి తీసేస్తారు. ఒక జట్టు 30 రన్స్‌కు 110 గజాలు తెచ్చి, ఐదు శాక్‌లలో 35 పోగొట్టుకుంటే, పట్టికలో 35 రన్స్‌కు 75 అని పడుతుంది. అది చూసి "రన్ ఆట చచ్చింది" అని రాస్తే పాస్ బ్లాకింగ్ తప్పును రన్ మెడకు చుట్టినట్టు. శాక్‌లు విడదీశాకే సగటు రాయి. సగటు కన్నా మేలైనది సక్సెస్ రేట్: మొదటి డౌన్‌లో కావాల్సిన దానిలో సగం, రెండో డౌన్‌లో 70 శాతం, మూడు నాలుగు డౌన్లలో మొత్తం వస్తేనే ఆ ప్లే గెలిచినట్టు. నీ నోటుబుక్కు గళ్లలోంచి ఇది పది నిమిషాల్లో తేలుతుంది.

రిక్రూటింగ్ గురించి నువ్వు రాసింది ఒక్క పేరా, అదీ కుర్రాళ్ల ప్రతిభకు ఇచ్చే నక్షత్రాల జాబితా. మనకు ర్యాంకుల పిచ్చి కొత్తేం కాదు. ఎంసెట్ ర్యాంకు చూసి పిల్లాడి జీవితం తేల్చేసే ఇళ్లు మనవి. అందుకే ఐదు నక్షత్రాలనగానే నమ్మేస్తాం. ఆ నక్షత్రం చెప్పేది పదిహేడేళ్ల కుర్రాడి గురించి ఒక అంచనా. వందలమందిని కలిపి చూస్తే అది బాగా పనిచేస్తుంది, ఒక్కడి మీద పెడితే తరచూ తప్పుతుంది. టెక్సస్ ఏ అండ్ ఎం 2022లో దేశంలోకెల్లా మొదటి ర్యాంకు క్లాస్‌ను (ఆ ఏడు కొత్తగా చేరే కుర్రాళ్ల బృందాన్ని) తెచ్చుకుంది. ఆ ఏడే 5-7తో (ఐదు గెలుపులు, ఏడు ఓటములు) ముగించింది, అపలాచియన్ స్టేట్ చేతిలో సొంత గడ్డ మీద ఓడింది. కొత్త క్లాస్ ఆ ఏడు ఆటలు గెలిపించదు. రిసీవర్, కార్నర్‌బ్యాక్ మొదటి ఏడే ఆడొచ్చు. ఆఫెన్సివ్ లైన్ కుర్రాడికి ఒళ్లు గట్టిపడటానికీ, పాదాలు నేర్వడానికీ రెండు మూడేళ్లు పడుతుంది. క్లాస్ చూసేటప్పుడు మొత్తం ర్యాంకు పక్కన పెట్టి, లైన్‌కు ఎంతమందిని తీసుకున్నారు, మూడేళ్ల తర్వాత వాళ్లలో ఎందరు అక్కడే ఉన్నారు అని లెక్కపెట్టు. ఇప్పుడు ఆటగాళ్లు కాలేజీ మారడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది కాబట్టి ఆ రెండో లెక్క మరీ ముఖ్యం. కోచ్ కర్ట్ సిగ్నెటి 2024లో ఇండియానాకు వస్తూ జేమ్స్ మాడిసన్ నుంచి తనతో 13 మందిని తెచ్చుకున్నాడు. అంతకుముందు ఏడు 3-9గా ఉన్న జట్టు 11-2 అయింది. వాళ్ల నక్షత్రాలు తక్కువే, కానీ అతని ఆట వాళ్లకు ముందే వచ్చు.

ఇక నీ వ్యాసంలోని ఆ నాలుగో డౌన్‌లోనే రిక్రూటింగ్ కథ కూడా ఉంది, నువ్వు గమనించలేదు. యూయర్స్ డాలస్ దగ్గరి సౌత్‌లేక్ కుర్రాడు. పేరు మీద సంపాదించుకోవడం టెక్సస్ హైస్కూల్ నిబంధనలు ఒప్పుకోకపోవడంతో, చివరి ఏడు వదిలేసి 2021లోనే కాలేజీలో చేరాడు. చేరింది ఓహైయో స్టేట్‌లో. అక్కడ అతని రూమ్మేట్ జాక్ సాయర్. ఒక సీజన్ తర్వాత యూయర్స్ టెక్సస్‌కు వచ్చేశాడు. మూడేళ్లకు, సౌత్‌లేక్‌కు కారులో అరగంట దూరంలో, ఆ ఇద్దరి మధ్యే ఆట తేలింది. ఇది పైపూత కోసం చెప్పేది కాదు, 40 సెకన్ల వాదన వెనుక ఏళ్ల గడియారం ఎలా తిరుగుతుందో పాఠకుడికి చూపించే చోటు.

"కోచ్‌ను తీసేయాలి" అని రాయాలనిపిస్తే ముందు కాంట్రాక్టు చదువు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల కాంట్రాక్టులు సమాచార చట్టాల కింద బయటికొస్తాయి. మిగిలిన ఏళ్లెన్ని, తీసేస్తే ఎంత కట్టాలి, అతనికి వేరేచోట ఉద్యోగం దొరికితే ఆ జీతం అందులోంచి తగ్గిస్తారా లేదా, ఈ మూడూ చూడు. కోచ్ జింబో ఫిషర్‌ను 2023 నవంబరులో పంపించడానికి టెక్సస్ ఏ అండ్ ఎం ఒప్పుకున్న భారం 7.5 కోట్ల డాలర్ల పైమాటే. 2025-26లో ఒక విశ్వవిద్యాలయం అన్ని ఆటల క్రీడాకారులకూ కలిపి నేరుగా పంచగల గరిష్ఠ మొత్తం సుమారు 2.05 కోట్ల డాలర్లు. రెండూ పక్కపక్కన రాయి, ఇంకేమీ వ్యాఖ్యానించకు.

భాష సంగతి. క్వార్టర్‌బ్యాక్, టాస్, హ్యాష్, డౌన్ అలాగే ఉంచు, వాటికి తెలుగు పుట్టించకు. కానీ యార్డు వద్దు, గజం రాయి. ఇళ్ల స్థలాలు ఇప్పటికీ గజాల్లోనే కొంటాం, ఆ కొలత మనవాళ్ల కాళ్లకు తెలుసు.

ఒక్క విషయంలో మాత్రం నిన్ను బతిమాలుతున్నాను. ఏ కాలేజీతోనూ ఇంకా సంతకం పెట్టని హైస్కూల్ పిల్లల గురించి రాసేటప్పుడు "మోసం చేశాడు", "అమ్ముడుపోయాడు" అన్న మాటలు వాడకు. ఫలానా జట్టులో చేరతానన్న నోటిమాట కమిట్‌మెంట్‌కు ఎటూ కట్టుబాటు లేదు, డిసెంబరులో కాగితం మీద సంతకం పడేదాకా మారే హక్కు అతనికుంది. ఆ పిల్లాడికీ వాళ్లమ్మకూ ఫోన్లున్నాయి, అన్నీ చదువుతారు. కోచ్‌ను విమర్శించు, అతను జీతం తీసుకునే పెద్దమనిషి.

వచ్చే ఆదివారంలోగా నాలుగో పేరా మళ్లీ రాసి పంపు. రెండో డౌన్ ఒక్కదానికే రెండు వందల మాటలు ఖర్చు పెట్టు. అంచున ఏ బ్లాక్ తప్పిందో రీప్లే నాలుగుసార్లు చూసి రాయి. బంతి ఏ హ్యాష్ మీదుందో మొదటి వాక్యంలోనే ఉండాలి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య