ఒకే రాయితో తూకం

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మాయికి,

నీ తుఫాను కథ అందింది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో మీ తోటలోనే ఉన్నావు కదా! మరి మొదటి పేజీలోనే 'ప్రకృతి ప్రకోపం', 'కన్నీరుమున్నీరు', 'గుండెలవిసేలా రోదన', 'అలుముకున్న విషాద ఛాయలు' ఎందుకొచ్చాయి? రాత్రి తొమ్మిదింటికి వార్త పంపే విలేకరికి వేరే మాట వెతికే వ్యవధి ఉండదు, ఆయన్ని అనను. నీకు ఇన్నేళ్ళు దొరికాయి.

వీటిని పడికట్టు మాటలంటాం. పడికట్టు అంటే తూకానికి వేసే రాయి. ఉల్లిపాయలకూ అదే, చింతపండుకూ అదే. మీ నాన్న దుఃఖాన్నీ పక్కింటి అవ్వ దుఃఖాన్నీ నువ్వు ఒకే రాయితో తూచేశావు.

ఈ జబ్బుకు మనకు పేర్లు చాలా ఉన్నాయి. నమిలిందే నమిలితే చర్వితచర్వణం, పిండినే మళ్ళీ విసిరితే పిష్టపేషణం, గింజ లేని పొట్టును దంచితే ఊకదంపుడు. అన్నీ వంటింటివే! 'మూస' మాత్రం కొలిమి దగ్గరిది. ఫ్రెంచివారి 'క్లీషే' కూడా అలాంటిదే, అచ్చు కోసం పోతపోసిన లోహపు పలక. మూసను నేను తిట్టను. బుడితిలో ఇత్తడి చెంబును మూసలోనే పోస్తారు, కానీ గీకి, మెరుగుపెట్టాకే అమ్ముతారు. నువ్వు మూసలోంచి తీసి నేరుగా సంతకు తెచ్చావు.

ఈ జిల్లాలోనే, పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు గ్రాంథికం బరువు దింపడానికి జీవితమంతా పోరాడారు. ఖాళీ అయిన నెత్తిన మనం పేపరు భాషను పెట్టుకున్నాం. నేనూ తక్కువవాణ్ణి కాదు. ఎన్ని సంతాప సభల్లో 'తీరని లోటు' అన్నానో! ఒకసారి పోయినాయన భార్య, "ఏ లోటు బాబూ?" అని అడిగింది. నోరు పెగల్లేదు.

నాలుగో పేజీకి వస్తాను. మీ నాన్న సున్నపు ముంత పట్టుకుని పడిపోయిన కొబ్బరిచెట్లకు అంకెలు వేస్తూ, నిలబడి ఉన్న ఒక చెట్టుకూ పొరపాటున అంకె వేశాడని రాశావు. అక్కడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. ఆ వెంటనే 'ఆయన కళ్ళలో సముద్రమంత వేదన' అన్నావు. అది కొట్టెయ్. కొత్త మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆయన తన వయసుకు ఆ ఏళ్ళు కలుపుకుంటూ ఉండి ఉంటాడు. రాయాల్సింది ఆ లెక్క.

ఇంతకీ ఆ చెట్టు మీద పడిన అంకె ఎంత? కథలో లేదు. నాన్ననడిగి రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు