సరిపోలేదా, సరిపోలలేదా?

సందేహం: నేను ఒహాయోలో ఉంటాను. 1967 నాటి షెవర్లే ఇంపాలా ఒకటి కొని బాగు చేసుకుంటున్నాను. 327 ఘనపుటంగుళాల ఇంజిన్, దానికి పవర్‌గ్లైడ్ అనే రెండు గేర్ల ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్, అంటే గేర్‌బాక్స్, ఉండేది. అది తీసేసి, ఒక పాత పోంటియాక్ కారులోని మూడు గేర్ల టర్బో 400 గేర్‌బాక్స్ తెచ్చాను. తీరా బిగించబోతే బోల్టు రంధ్రాలు కలవలేదు. ‘ట్రాన్స్‌మిషన్ ఇంజిన్‌కి సరిపోలేదు’ అని ఇంటికి రాస్తే, నాన్నగారు ‘చిన్నదయిందా? ఇంకా పెద్దది దొరకదా?’ అని అడిగారు. నేను రాసింది తప్పా? ‘స్వయంచాలక ప్రసారం’ అని రాయమని ఒక మిత్రుడి సలహా. అది వాడవచ్చా?

సమాధానం: మీ వాక్యం తప్పు కాదు. నాన్నగారికి అలా అర్థం కావడంలోనూ తప్పు లేదు. ‘సరిపోవు’ అన్న క్రియ చాలా పనులు చేస్తుంది. ‘డబ్బు సరిపోయింది’ అంటే చాలింది. ‘చొక్కా సరిపోయింది’ అంటే కొలత కుదిరింది. యంత్రం దగ్గరికొస్తే మనకు ముందు తట్టేది దాని బలం, సైజు. అందుకే నాన్నగారు చిన్నదనుకున్నారు.

నిజానికి మీకు జరిగింది తలకిందులు. టర్బో 400 ని 1964లో క్యాడిలాక్, బ్యూక్ లాంటి పెద్ద కార్లతో మొదలుపెట్టారు. మీ 327 బలం దానికి ఒక లెక్క కాదు. బలం సరిపోయింది, రంధ్రాల అమరిక ‘సరిపోలలేదు’. ఈ రెండో క్రియ ‘సరిపోలు’. ఒకదాని పోలిక ఇంకోదానితో కలవడం దాని అర్థం. సరిపోతుంది, సరిపోలుతుంది, సరిపోదు, సరిపోలదు, సరిపోలేదు, సరిపోలలేదు. ఒక్క ‘ల’ తేడా. రేషన్ షాపులో ‘వేలిముద్ర సరిపోలలేదు’ అన్నప్పుడు వేలు చాల్లేదని ఎవరూ అనుకోరు కదా!

మీ బోల్టులదీ వేలిముద్రల వ్యవహారమే. షెవర్లే, పోంటియాక్ రెండూ జనరల్ మోటార్స్‌వే అయినా ఇంజిన్ల వెనక భాగం ఒకటి కాదు. 1955లో వచ్చిన షెవర్లే చిన్న వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌కీ, 1965లో వచ్చిన 396 పెద్ద ఇంజిన్‌కీ బోల్టుల అమరిక ఒక్కటే. బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్, పోంటియాక్‌లది వేరే అమరిక. పైగా టర్బో 400 కి ముందున్న గంట ఆకారపు భాగం కేసుతో, అంటే పైతొడుగుతో, కలిపే పోతపోసి ఉంటుంది, దాన్ని విడిగా మార్చలేం. షెవర్లే కేసు ఉన్న ట్రాన్స్‌మిషన్ వెతుక్కోవాలి, లేదా రెండు అమరికలనూ కలిపే అడాప్టర్ ప్లేటు మధ్యలో వేయాలి.

రంధ్రాలు కలిశాక కూడా మీకు వేరే మాటలు కావలసి వస్తాయి, అవి మన భాషలో సిద్ధంగా ఉన్నాయి. కారు కింద టర్బో 400 ‘పట్టాలి’. చాలాసార్లు దాన్ని మోసే అడ్డకమ్మీని జరపాల్సి వస్తుంది, వెనక చక్రాలకు తిప్పుడు చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవూ మార్చాల్సి వస్తుంది. ఇక ఇంజిన్ తిప్పుడును నూనె ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ ఆ ఇంజిన్‌తో ‘పొసగాలి’. రేసు కామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) వేసిన ఇంజిన్‌కి మామూలు కన్వర్టర్ పెడితే, సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కి ఉన్నా బండి ముందుకు తోసుకుపోతుంది, లేదా ఇంజిన్ ఆగిపోతుంది. ఎవరి బలం వాళ్లకున్నా ఇద్దరికీ కుదరకపోవడాన్ని చెప్పడానికి ‘పొసగలేదు’ను మించిన మాట నాకు తెలియదు. ఈ మధ్య దాన్ని మనుషుల తగాదాలకే పరిమితం చేస్తున్నాం, అది నాకు బాధగా ఉంటుంది.

కొందరు ఇలాంటి చోట ‘సరైన ఉజ్జీ’ అని రాస్తున్నారు. కోడిపందేల్లో సమానబలంతో ఎదురు నిలిచేది ఉజ్జీ. ఇంజిన్, ట్రాన్స్‌మిషన్ కలిసి లాగేవి, జోడెడ్ల లాంటివి. కాబట్టి ‘జోడు’ అనండి.

‘స్వయంచాలక ప్రసారం’ మాత్రం వద్దు. ప్రసారం అనగానే రేడియో గుర్తొస్తుంది. చాలకుడంటే నడిపేవాడు కనుక, స్వయంచాలక అంటే డ్రైవరు లేకుండా నడిచే కారనుకునే ప్రమాదమూ ఉంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అనండి, ఆటోమేటిక్ గేర్లు అన్నా చాలు.

నాన్నగారికి ఇలా రాయండి: ‘గేర్‌బాక్స్ చిన్నది కాదు నాన్నా, బలమైనదే. బోల్టు రంధ్రాలే నా ఇంజిన్‌తో సరిపోలలేదు. షెవర్లేది వెతుకుతున్నాను.’