సర్పంచ్ బిడ్డ, చెక్‌బుక్ నాన్న

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో రెండు వేల జనాభా ఉన్న ఊరు. మా బిడ్డకు 23 ఏళ్లు. బీఎస్సీ అయ్యాక హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతుంటే ఊరి సర్పంచ్ సీటు మహిళలకు రిజర్వ్ అయింది. పెద్దమనుషులు అడిగితే నిలబెట్టాం, మొన్న డిసెంబరులో గెలిచాం. అన్నీ కలిపి ఏడు లక్షలైంది. సీసీ రోడ్లు, కమ్యూనిటీ హాలు, ఓపెన్ జిమ్, లైబ్రరీ తెస్తామని చెప్పాం. ముందు ఏది పట్టుకోవాలి? గ్రూప్స్ వదిలేయాల్సిందేనా? ఆమెకు టెన్షన్ ఎందుకని చెక్‌బుక్, లెక్కలు ప్రస్తుతం నేనే చూసుకుంటున్నా.

జవాబు: నిలబెట్టాం, గెలిచాం, చెప్పాం అని రాశారు. ఆడపిల్లను సర్పంచ్‌గా నిలబెట్టి వెనక ఉండి నడిపించిన తండ్రిగా ఆ మాట సహజమే. కానీ మీరు ఆఖరున రాసిన చెక్‌బుక్ సంగతి తేలకుండా మిగతా ప్రశ్నలకు జవాబు చెప్పలేను.

2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలంది. అందులో సర్పంచ్ నాన్నకు చోటు లేదు. ఆమె ముందే సంతకం పెట్టిన చెక్కులు మీ బీరువాలో ఉంటే ఇవాళే తీసి ఆమె చేతికివ్వండి. రేపు ఆడిట్‌లో తేడా వచ్చి రికవరీ పడితే నోటీసు మీ పేరు మీద రాదు. ‘లెక్కలు మా నాన్న చూసేవాడు’ అంటే ఏ అధికారీ వినడు. 28 ఏళ్లకు పదవి దిగేసరికి ఆ మచ్చ ఉంటే ఉద్యోగానికి వెళ్లినా, మళ్లీ పోటీ చేసినా వెంటే వస్తుంది. మీరు టెన్షన్ తప్పిస్తున్నాననుకుంటున్నారు గానీ, దాన్ని ఐదేళ్ల తర్వాతకు వాయిదా వేస్తున్నారు, అంతే.

ఇక ఏడు లక్షలు. ఐదు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి లక్షా యాభై వేలు. దాని మీద నేనేం మాట్లాడను, మీకూ తెలుసు. ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఖర్చు లెక్క ఇవ్వాలన్న రూలు ఉంది. ఇచ్చారో లేదో, ఇస్తే రసీదు ఉందో లేదో ముందు చూసుకోండి. ఇవ్వనివాళ్లను అనర్హులుగా ప్రకటించిన సందర్భాలున్నాయి. ఇంకో లెక్క కూడా వేసి చూడండి. సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500. అరవై నెలలకు 3 లక్షల 90 వేలు. ఒక్క రూపాయి ఇంట్లో వాడకపోయినా మీ ఏడు లక్షలు వెనక్కి రావు. రప్పించాలని కూర్చుంటే ఎటు నుంచి వస్తాయో మీ ఊళ్లో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. ఆ డబ్బు పోయిందనుకోండి. ఆమె దగ్గర ఆ మాట పదేపదే ఎత్తకండి.

ముందు ఏ పని అన్నారు. మీ లిస్టులో నీళ్లు లేకపోవడం చూసి ఆశ్చర్యపోయాను. భూగర్భ నీళ్లలోని ఫ్లోరైడ్‌తో పళ్లు, ఎముకలు పాడైన మర్రిగూడ నుంచి ఉత్తరం రాస్తూ నీళ్ల మాట మర్చిపోయారా! పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పెట్టారు. ఏ జిల్లావాళ్లైనా అలాంటి పేరు కోరి తెచ్చుకుంటారా?

మిషన్ భగీరథ పథకంలో కృష్ణా నీళ్లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. కానీ పైపు పగిలిన రోజు, మోటారు కాలిన రోజు ఏమవుతుందో మీ బిడ్డను స్వయంగా చూడమనండి. చాలా ఊళ్లలో పాత బోరు లైను ఇంకా ట్యాంకుకే కలిసి ఉంటుంది. కృష్ణా నీళ్లు రాకపోతే జనం తిడతారని బోరు ఆన్ చేసి ట్యాంకు నింపేస్తారు. నల్లాలో వచ్చేది ఏ నీళ్లో తాగేవాళ్లకు తెలియదు, ఎందుకంటే ఫ్లోరైడ్‌కు రంగూ వాసనా ఉండవు. కాచినా పోదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం.

ఓ వారం పాటు పొద్దున ఆరింటికి నీళ్లు వదిలే వర్కర్‌తో పాటు ట్యాంకు దగ్గరికి వెళ్లి నిలబడమనండి. ఏ వాల్వ్ తిప్పితే ఏ గల్లీకి పోతుంది, ఎత్తు మీదున్న ఎస్సీ కాలనీకి ఎన్ని నిమిషాలు అందుతుంది, బోరు లైను ఎక్కడ కలుస్తుంది అన్నీ నోట్‌బుక్‌లో రాసుకోవాలి. తర్వాత బోర్ల నీళ్లు, ట్యాంకు నీళ్లు విడివిడిగా సీసాల్లో పట్టి టెస్టుకు పంపాలి. వచ్చిన అంకెలను బడి గోడ మీద పెద్దక్షరాలతో రాయించాలి. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరును బట్టలకు, గొడ్లకు మాత్రమే అని రాసి ట్యాంకు లైను నుంచి తెంపేయాలి. అంగన్‌వాడీ, ప్రైమరీ బడి నల్లాలతో మొదలుపెట్టమనండి. శాశ్వత దంతాల మీద గారమచ్చలు పడేది అవి లోపల తయారయ్యే వయసులోనే, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు. దీనికి పెద్ద నిధులేం అక్కర్లేదు. కాస్త పెద్ద రిపేరు పడినా, కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లలో కొంత భాగాన్ని తాగునీరు, పారిశుధ్యానికే ముడిపెడతారు. ఓపెన్ జిమ్‌కు ఆ వీలు లేదు.

సఫాయి కార్మికుల జీతం ఆగకుండా చూడటం రెండో పని. మోరీలు తీసేవాళ్లకు మూడు నెలలు జీతం ఇవ్వకుండా పరిశుభ్రత మీద మైకులో మాట్లాడితే ఊరు నవ్వుతుంది. లైబ్రరీకి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు. పంచాయతీ ఆఫీసులో ఓ గది, పది కుర్చీలు, రెండు పేపర్లు వేస్తే చాలు. గ్రూప్స్ పుస్తకాలు ఎలాగూ మీ ఇంట్లో ఉన్నాయి, అవే మొదటి అర.

సీసీ రోడ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ‘పని మొదలుపెట్టండి మేడం, బిల్లు తర్వాత చూద్దాం’ అనేవాళ్లు ఇప్పటికే మీ ఇంటికొచ్చి టీ తాగి ఉంటారు. నాకు తెలిసిన ఒక మాజీ సర్పంచ్ అలాగే మిత్తికి తెచ్చి పని చేయించాడు. పదవి పోయింది, బిల్లు రాలేదు. భార్య పుస్తెలతాడు ఇంకా కుదువలోనే ఉంది. కాబట్టి గ్రామసభలో తీర్మానం, అంచనా, అనుమతి కాగితం, ఈ మూడూ చేతిలోకి రాకముందు తట్టెడు కంకర కూడా పడొద్దు. పని అయ్యాక ఏఈ (ఇంజినీరు) వచ్చి కొలిచి ఎంబీ (కొలతల పుస్తకం) రికార్డు చేసేదాకా వదలొద్దు. ప్రతి కాగితం జిరాక్స్ ఆమె సొంత ఫైల్లో ఉండాలి. చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలి. కార్యదర్శి ఇళ్ల దగ్గరికే పుస్తకం పంపి సంతకాలు తెప్పిస్తానంటే ఒప్పుకోవద్దు.

గ్రూప్స్ మాటకొస్తే, మొదటి ఏడాది రెండూ అవవు. అశోక్‌నగర్‌లో రోజుకు పది గంటలు చదివే పిల్లలతో పోటీ అది. ఈ ఏడాది పరీక్ష రాయమని ఒత్తిడి పెట్టకండి. దానికి బదులు దూరవిద్యలో ఒక పీజీలో చేర్పించండి. ఇగ్నోలో రూరల్ డెవలప్‌మెంట్ ఉంది, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఉంది. పంచాయతీ, నిధులు, పథకాల పాఠాలు గ్రూప్స్ సిలబస్‌లోనూ వస్తాయి, పొద్దున ఆఫీసులో చూసిందే సాయంత్రం పుస్తకంలో కనిపిస్తుంది. రాజేంద్రనగర్‌లో సర్పంచులకు ఇచ్చే శిక్షణకు పిలుపొస్తే తప్పకుండా పంపండి. ఆమెను ఒక్కదాన్నే. రెండేళ్లయ్యాక ఉద్యోగమా, జడ్పీటీసీ వైపా, గ్రామీణాభివృద్ధి సంస్థల్లో పనా అన్నది ఆమెనే తేల్చుకోనివ్వండి. ఉద్యోగమే వస్తే పదవికి రాజీనామా చేసి చేరాల్సి ఉంటుంది. అది అప్పటి మాట.

మీకేం పని ఉండదనుకోకండి. రాత్రి పదకొండింటికి కరెంటు పోయిందని ఎవరో తాగి గేటు కొడితే లేచి వెళ్లాల్సింది మీరే. పాత కక్షలు ఆమె దాకా రాకుండా ఆపగలిగిందీ మీరే.

అన్నట్టు, ఉత్తరం కింద ‘సర్పంచ్ గారి నంబరు’ అని మీ ఫోన్ నంబరు రాశారు. పంచాయతీ ఆఫీసు గోడ మీద కూడా అదే ఉంటే, పెయింటర్‌ను పిలిచి మార్పించండి.