సాగరకన్య బొమ్మ ఉన్న నియూయే, పలావు అనే పసిఫిక్ ద్వీపాల వెండి నాణేలు కొంటే పెట్టుబడిగా పనికొస్తాయా?

ముచ్చటపడితే కొనుక్కోండి. లాభం కోసమైతే వద్దు. నా సంగతే చెప్తాను.

ఆక్లాండ్‌లో ఉండే మా బావమరిది 2019లో వస్తుంటే నియూయే నాణెం ఒకటి తెప్పించుకున్నాను. ఔన్సు వెండి, అంటే 31.1 గ్రాములు. రాయి మీద కూర్చున్న సాగరకన్య, పొలుసుల సందుల్లో పాతకాలం వస్తువులా కనబడాలని కావాలనే పట్టించిన నలుపు. వెండి ధరకి మూడింతలు పోశాను. ఎక్కువ పెట్టిందంతా ఆ నలుపుకే.

శ్రావణ శుక్రవారం కలశంలో వేయడానికి వెండి కాసు వెతుకుతుంటే అమ్మకి అది దొరికింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పళ్లెంలో తళతళలాడుతోంది. "వెండిని ఇంత నల్లబడేదాకా వదిలేస్తార్రా? విభూతి పెట్టి అరగంట తోమాను" అంది. పైగా, "ఈ తోక ఉన్నావిడ ఎవర్రా, మత్స్యావతారంలో అమ్మవారా?" అని అడిగింది. వెనకవైపు ఎలిజబెత్ రాణిని మాత్రం వెంటనే గుర్తుపట్టింది.

నాణేలు కొనే ఆయన దగ్గరికి తీసుకెళ్తే, భూతద్దంతో ఒక్కసారి చూసి తక్కెడలో పడేశాడు. తూకానికి వెండి రేటు, అంతే.

"చట్టబద్ధంగా చెల్లే నాణెం" అని అమ్మేవాళ్లు ఊదరగొడతారు చూడండి, నాకు ఒళ్లు మండేది అక్కడే. దాని మీద ఉన్నది 2 న్యూజిలాండ్ డాలర్లు. నియూయే జనాభా రెండు వేలు కూడా ఉండదు, ఆ ద్వీపం వాళ్లు అక్కడికన్నా న్యూజిలాండ్‌లోనే ఎక్కువ. అక్కడి కొట్లో దీన్నిచ్చి బ్రెడ్డు కొన్నవాడు ఒక్కడూ ఉండడని నా పందెం.

పలావు (పేరు చూసి నోరూరకండి) వాడేది అమెరికా డాలరు. 1992లో సముద్రజీవుల రక్షణ పేరిట రంగుల నాణేలు మొదలుపెట్టి సాగరకన్యనీ ఎక్కించారు. వాళ్లకి ఆ హక్కుందంటాను. పాత నావికులు చూసి సాగరకన్య అని భ్రమపడ్డారని చెప్పే సముద్రపు ఆవులు (డుగాంగ్ అనే పెద్ద జలజీవులు) అక్కడి నీళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఫిజీ పేరు చెప్పి 1842లో న్యూయార్క్‌లో బార్నమ్ అనే పెద్దమనిషి, కోతి మొండేనికి చేప తోక తగిలించిన బొమ్మని సాగరకన్య అని జనానికి చూపించాడు. దానికన్నా ఇవి నయం, వెండైనా అసలుది.

మా నాణెం ఇప్పుడు ఏటా కలశంలోకి వెళ్తోంది. మీరు రంగు వేసింది కొంటే మాత్రం శ్రావణమాసం రాకముందే దాచేయండి.