రాజీనామాకు ముందు ఆమెతో కూర్చోండి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. గుంటూరులో ఉంటాం. మెడికల్ రెప్‌గా మొదలై 22 ఏళ్లలో ఏరియా మేనేజర్‌నయ్యాను. టార్గెట్లు, నెలాఖరు క్లోజింగ్ టెన్షన్ ఇక నావల్ల కావట్లేదు. నాలుగు కథలు అచ్చయ్యాయి. ఒకటైతే రాత్రి తొమ్మిదిన్నరకి క్లినిక్ బయట డాక్టర్ కోసం నిలబడి, మందుల గురించి డాక్టర్లకి చూపించే విజువల్ ఎయిడ్ వెనక రాసుకున్నదే. ఉద్యోగం మానేసి రాసుకుంటానన్న రోజు నుంచి నా భార్య నాతో మాట్లాడటం లేదు. అమ్మాయి ఇంటర్. హోమ్‌లోన్ ఇంకా ఆరేళ్లుంది.

జవాబు: నిలబడి రాసుకున్నారే, అది చాలు మీ తపన నిజమైనదని నమ్మడానికి. అయినా ఇప్పుడే రాజీనామా ఇవ్వకండి.

మీలో అలసట, రాయాలన్న కోరిక కలిసిపోయి ఉన్నాయి. క్లోజింగ్ అయిన మర్నాటి నుంచి 15 రోజులు సెలవు (పీఎల్) పెట్టండి. మొదటి మూడు రోజులు నిద్రపోండి. తర్వాత రోజూ పొద్దున్నే రాయడానికి కూర్చోండి. కథ కదిలితే సరే. హాయిగా నిద్రపోవడమే బావుందనిపిస్తే మీకు కావలసింది తేలికైన ఉద్యోగం. ట్రైనింగ్ విభాగానికి మార్చమని అడిగి చూడండి.

తెలుగులో కథల మీద ఇల్లు గడవదు. చాలామంది సొంత డబ్బుతోనే పుస్తకం వేసుకుంటున్నారు. రావిశాస్త్రి గారు విశాఖలో ప్లీడరుగా కోర్టుకెళుతూనే రాశారు. ఆయన కథల్లో మనుషులు ఎక్కువగా ఆ కోర్టు చుట్టూ తిరిగేవాళ్లే. మీకు క్లినిక్ వరండాలున్నాయి.

ఇక మీ ఆవిడ సంగతి. ఆమె కోపం మీ కథల మీద అనుకోను. అంత పెద్ద నిర్ణయం ఆమెని అడక్కుండా చెప్పేశారు. ఈఎంఐ, ఫీజులు ఎలాగన్న భయంతో ఆమె నోరు మూసుకుపోయింది. ఒక ఆదివారం నోటుబుక్కు తీసుకుని ఆమె పక్కన కూర్చోండి. ఇంటి ఖర్చు ఆమెనే రాయమనండి. పీఎఫ్ ఎంతుందో చూపించండి. గ్రాట్యుటీ కూడా లెక్కేయండి: చివరి బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో, పనిచేసిన ఏళ్లతో గుణించాలి. కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది. సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి, బీపీ, షుగర్ లాంటివి ముందే ఉంటే వాటికి క్లెయిమ్ రావడానికి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఆ లెక్కలన్నీ చూశాక ఎప్పుడు మానేయాలో తేదీ ఆమెని చెప్పనివ్వండి.

అచ్చయిన నాలుగు కథల్లో ఒక్కటైనా ఆమె చదివారో లేదో మీరు రాయలేదు. ఆ క్లినిక్ కథ ఈ రాత్రి ఆమెకి చదివి వినిపించండి.