చిన్న ఇంటికి బయటి రంగు: రెండుసార్లు డబ్బు పోసి నేర్చుకున్నది

అమ్మా, ఇంటికి బయట ఏ రంగు వేయించాలన్న మీ సందేహం చదివాను. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో 1950ల నాటి కేప్ కాడ్ ఇల్లు (ఏటవాలు పెద్ద కప్పుండే చిన్న ఇల్లు), చెక్క సైడింగ్, అంటే గోడకు బయట కొట్టిన చెక్క పలకలు. మీకు మామిడిపండు రంగు ఇష్టం, మీవారు ముదురు నీలం అంటున్నారు. అన్నీ రాశారు గానీ చేతిలో ఎంత డబ్బుందో మాత్రం రాయలేదు. అమెరికాకు కొత్తగా వచ్చిన పిల్లలంతా ఇక్కడే పొరపాటు చేస్తారు. నేనూ చేశాను.

2003లో మేం కొన్నదీ అచ్చం అలాంటి ఇల్లే. గుంటూరులో మా నాన్న వేయించిన పసుపు రంగే ఇక్కడా ఉండాలని నా పట్టుదల. ఓ శుక్రవారం ఆఫీసు నుంచి వస్తూ షాపులో ఆగి, ట్యూబ్‌లైటు వెలుగులో రెండంగుళాల రంగు నమూనా కార్డు చూసి ఖాయం చేసేశాను. కార్డు మీద వెన్నలా ఉన్న రంగు, గోడంతా పరుచుకుని ఎండ పడేసరికి కళ్ళు చెదిరిపోయాయి. పైగా కేప్ కాడ్ ఇంటికి ముందు నుంచి సగం కనిపించేది కప్పే. మా కప్పు బూడిద రంగు, ఆ పసుపు దానికి అస్సలు నప్పలేదు.

అంత గాఢమైన పసుపు కింది రంగును ఓ పట్టాన కప్పదు. రెండు పూతలన్నది నాలుగైంది. పెయింటర్ తక్కువకు వస్తాడని నవంబర్‌లో పని పెట్టించాను, రాత్రి చలికి పెయింట్ సరిగ్గా పట్టలేదు. మరుసటి వేసవిలో ఉత్తరం గోడ మీద గోరు పెట్టి లాగితే అప్పడంలా ఊడి చేతికొచ్చింది. మొదట 3,200 డాలర్లు, గీకించి మళ్ళీ వేయించడానికి 4,100. ఆ రెండోది సంక్రాంతికి ఊరెళ్ళడానికి దాచిన డబ్బు. ఆ ఏడు వెళ్ళలేదు.

అందుకే ముందు శాంపిల్ డబ్బా కొనండి. రెండడుగుల అట్ట మీద రెండు పూతలు వేసి, కప్పు అంచు కనిపించేలా గోడకు ఆనించి పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం చూడండి. కార్డు మీద నచ్చినదానికంటే ఒకటి రెండు మెట్లు లేతది తీసుకోండి. ముదురు నీలం ఎండను పీల్చుకుంటుంది, వెలిస్తే కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, ఇల్లు ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది. మూలల పట్టీలకు ఒక రంగు, కప్పు అంచున వాననీళ్ళు పోయే గట్టర్‌కు ఇంకొకటి వేస్తే చిన్న ఇల్లు ముక్కలు ముక్కలైపోతుంది. గోడకు లేత బూడిదో గోధుమో వేసి, మిగతా అంతటికీ ఒకే తెలుపు చాలు.

లెక్క కూడా మీరే వేసుకోండి. గ్యాలన్ ఒక పూతకు 350 నుంచి 400 చదరపు అడుగులు వస్తుంది. 1,200 చదరపు అడుగుల గోడకు రెండు పూతలంటే ఏడు గ్యాలన్లు. పెయింటర్ పన్నెండంటే ఎందుకని అడగండి, మొహమాటపడకండి. పని మే, జూన్‌లోనో సెప్టెంబర్‌లోనో పెట్టుకోండి. ఇల్లు 1978కి ముందుది కాబట్టి పాత పొరల్లో సీసం ఉండొచ్చు, గీకించే ముందు పరీక్ష చేయించండి. పెయింటర్ రిజిస్ట్రేషన్ వగైరా రూల్స్ రాష్ట్రం వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకోండి.

మామిడిపండు రంగు మీద మనసు చంపుకోనక్కర్లేదు, తలుపుకు వేయండి. ఒక్క క్వార్ట్ (పావు గ్యాలన్) డబ్బాతో రెండు పూతలూ వచ్చి ఇంకా మిగులుతుంది, నచ్చకపోతే ఒక్క శనివారంలో మార్చేయొచ్చు. నేను రెండోసారి తలుపుకు మన ఊళ్ళో అరుగులకు పూసే జాజు రంగు వేశాను. జాజులో ఉండేది ఇనుప మన్నే. ఆ రంగులు ఎండకు అంత తొందరగా వెలవవు. ఇప్పటికీ మా తలుపుది అదే రంగు, దాని కింద గడపకు మా ఆవిడ ప్రతి శుక్రవారం పసుపు రాస్తుంది.